రెండు పాస్‌పోర్టుల కాపురం: పొదుపు ఏ దేశంలో పెట్టాలి?

వేర్వేరు దేశాల భార్యాభర్తలు పరాయి గడ్డ మీద కాపురం పెట్టడం అనంతపురానికి కొత్త కాదు. స్పెయిన్‌లో పుట్టిన ఫాదర్ ఫెర్రర్, ఇంగ్లండ్‌లో పుట్టిన అన్నే 1969లో ఇక్కడికి వచ్చారు. మరుసటి ఏడు పెళ్లి చేసుకుని, ఆర్డీటీ సేవాసంస్థ పనుల్లో ఈ జిల్లాలోనే ఉండిపోయారు. ఇప్పుడు మన పిల్లలు విదేశాలకు వెళ్లి అలాంటి కాపురాలు చేస్తున్నారు.

ఒక జంటను అనుకుందాం. అబ్బాయిది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. పాస్‌పోర్టు భారత్‌ది, చేతిలో అమెరికా గ్రీన్‌కార్డు. అమ్మాయి అమెరికా పౌరురాలు. ఇద్దరూ అక్కడే ఉద్యోగాలు చేస్తున్నారు. ఊళ్లో తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "నాలుగెకరాలు కొని పెడదామా?"

కుదరదు. విదేశంలో స్థిరపడిన భారతీయుడు గానీ, ఓసీఐ కార్డున్నవారు గానీ సాగుభూమి కొనకూడదు. ఓసీఐ అంటే విదేశీ పాస్‌పోర్టున్న భారత సంతతివారికి, భారతీయుల జీవిత భాగస్వాములకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు. నాన్న చేను వారసత్వంగా వస్తే మాత్రం అబ్బాయి నిక్షేపంగా ఉంచుకోవచ్చు. అమ్మాలనుకుంటే ఇక్కడ నివసించే భారత పౌరుడికే అమ్మాలి.

"తమ్ముడి పేర కొంటే?" అన్నది తర్వాతి మాట. దయచేసి వద్దు. డబ్బు ఒకరిది, పేరు ఇంకొకరిది అయితే అది బినామీ కిందికి వస్తుంది. రుజువైతే భూమి జప్తు, ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు. అన్నదమ్ముల మధ్య మాట చెడితే కాగితం మీద పేరున్నవాడిదే పైచేయి అవుతుందన్నది వేరే చెప్పాలా.

ఇంటి స్థలం, ఫ్లాటు కొనుక్కోవచ్చు. అమ్మాయికి ఓసీఐ లేకపోయినా భర్తతో కలిసి ఒక్క ఆస్తి కొనవచ్చు. పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిండి ఉండాలి. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019లో కార్ల తయారీ మొదలైంది. ఆ వైపు స్థలం కొందామని ఆశపడేవారు ఆ భూమి కాగితాల్లో ఇంకా సాగుభూమిగానే ఉందో లేదో, లేఅవుట్‌కు అనుమతి ఉందో లేదో ముందు చూడాలి. కాగితాల్లో ఇంకా చేనుగానే ఉంటే అది ఈ జంట కొనకూడనిదే.

సరే, ఫిక్సెడ్ డిపాజిట్? విదేశీ సంపాదనను రూపాయల్లో దాచుకునే ఎన్ఆర్ఈ ఖాతా మీద వడ్డీకి భారత్‌లో పన్ను లేదు. చాలామంది లెక్క ఇక్కడే ఆగిపోతుంది. అమెరికా మాత్రం తన పౌరులూ గ్రీన్‌కార్డుదారులూ ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా పన్ను అడుగుతుంది. కాబట్టి "అబ్బాయిది మన పాస్‌పోర్టే కదా" అన్న ధీమా పనికిరాదు.

2005లో 10 లక్షలు వేశారనుకోండి. అప్పుడు డాలరు సుమారు 44 రూపాయలు. అంటే వేసింది 22,700 డాలర్లు. సగటు వడ్డీ 7 శాతం అనుకుందాం, అందులో 22 శాతం అమెరికా పన్ను పోతే మిగిలేది 5.46 శాతం. 20 ఏళ్లకు అది దాదాపు 29 లక్షలు. వినడానికి బాగుంది. 2025లో డాలరు సుమారు 86 రూపాయలు కాబట్టి చేతికొచ్చేది 33,700 డాలర్లు, అంటే ఒకటిన్నర రెట్లు. అదే కాలంలో అమెరికాలో 100 డాలర్ల సరుకుల సంచి 160 డాలర్లు దాటింది. ముసలితనం అమెరికాలోనే గడిపేవారికి ఆ డిపాజిట్ పెరిగినట్టు కనిపిస్తూ తరిగింది.

మ్యూచువల్ ఫండ్ల సంగతి ఇంకా చిక్కు. భారత ఫండ్లను అమెరికా పన్ను చట్టం "పీఫిక్" అంటుంది. అంటే బయటి దేశంలో నమోదై, పెట్టుబడుల మీదే బతికే సంస్థ. వాటి లాభాన్ని దాచుకున్న ఏళ్లన్నిటికీ పంచి, అత్యధిక రేటుతో, అంటే ఇప్పుడు 37 శాతంతో, పైన వడ్డీ కలిపి వసూలు చేస్తారు. అమెరికాలోనే కొన్న ఇండెక్స్ ఫండ్ అయితే ఇలాంటి జంటకు సాధారణంగా 15 శాతం. 10 లక్షల లాభం మీద ఒకచోట లక్షన్నర, మరోచోట 3.7 లక్షల పైమాట. ఈ జంటకు నేను భారత ఫండ్లు వద్దంటాను. ముందు ఉద్యోగంలోని 401కే పింఛను ఖాతాలో కంపెనీ జతచేసే సొమ్ము మొత్తం అందుకునేంత వరకు వేసుకోవాలి.

"తిరిగొచ్చేస్తే?" అప్పుడు రూపాయి అవసరమే. శెనక్కాయ చేలో మన రైతులు కంది సాళ్లు వేస్తారు. వాన మొహం చాటేసి కాయ పోయినా కంది ఎంతోకొంత చేతికొస్తుంది. తిరిగొచ్చే ఆలోచన గట్టిగా ఉంటే ఖర్చు చేయబోయే రూపాయల మేరకు ఇక్కడ ఉంచండి. మిగతాది అక్కడే ఉండనివ్వండి. అమెరికా పింఛను ఖాతాలో పెరిగే సొమ్ముపై పన్నును తీసుకునే ఏడాదికి వాయిదా వేసుకునే వీలు మన చట్టంలో ఉంది.

ఎవరూ ఎత్తని విషయం చావు. భారత్‌లో వారసత్వపు పన్ను 1985లో పోయింది, అమెరికాలో ఉంది. అబ్బాయి గ్రీన్‌కార్డు వదిలేసి అనంతపురం వచ్చి స్థిరపడ్డాడనుకుందాం. అమెరికా షేర్లు అతని పేర ఉండగా ఏదైనా జరిగి, అవి అమెరికా పౌరురాలైన భార్యకు కాక వేరొకరికి వెళితే మినహాయింపు 60,000 డాలర్లే, అంటే 2025 నాటి రేటుతో దాదాపు 52 లక్షలు. ఆపైన పన్ను 40 శాతం దాకా వెళుతుంది. తిరుగు ప్రయాణానికి ముందే పన్ను నిపుణుడి దగ్గర కూర్చోవాల్సింది ఇందుకే.

భారత్‌లోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు, అంటే 2025 నాటి రేటుతో 8.6 లక్షలు దాటితే అమెరికాకు తెలియజేయాలి. అమ్మానాన్నలతో కలిసి ఉన్న జాయింట్ ఖాతా కూడా ఇందులో లెక్కే.

ఈసారి పిల్లలు సంక్రాంతికి వస్తే, అబ్బాయి కాలేజీ రోజుల నాటి సేవింగ్స్ ఖాతాను విదేశాల్లో ఉండేవారి ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించండి, నామినీ ఎవరో చూడండి, పెళ్లి రిజిస్ట్రేషన్ కాగితం ఒక కాపీ మీ బీరువాలో పెట్టుకోండి.