వేగపు చదరంగము: చూపు, గడియారము

కోనేరు హంపి 2019లో మాస్కోలోను, మరల 2024లో న్యూయార్కులోను మహిళల ప్రపంచ ర్యాపిడ్ చదరంగ విజేతగా నిలిచిరి. ఆ పోటీలలో ఒక్కొక్కరికి ఆట మొత్తమునకు 15 నిమిషములు, దానిపై ప్రతి ఎత్తునకు 10 సెకండ్లు లభించును. ఆట 40 ఎత్తులు సాగినచో ఒక్కొక్కరికి మొత్తము 1300 సెకండ్లు. అనగా సగటున ఎత్తుకు 32 సెకండ్లు. ఇంత స్వల్పకాలములో మంచి ఎత్తు ఎట్లు తోచును?

త్వరత్వరగా ఆలోచించుటవలన అని చాలమంది విద్యార్థులు తలంతురు. అది సరికాదు. డచ్చి మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ఆడ్రియాన్ డి గ్రూట్ 1946 నాటి తన పరిశోధనలో, మేటి ఆటగాండ్రు తక్కిన మంచి ఆటగాండ్రకంటె అంత దూరమేమియు ముందుకు లెక్కించుట లేదని కనుగొనెను. వారికి సరియైన ఎత్తు తొలిచూపులలోనే స్ఫురించుచుండెను.

1973లో అమెరికాలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ అను వారు మరియొక పరీక్ష చేసిరి. నిజమైన ఆటలోని ఒక స్థితిని 5 సెకండ్లు చూపి బల్ల మూసివేసిరి. సుమారు 25 పావులలో మాస్టరు 16 వరకు సరిగా పెట్టగా, కొత్తవాడు నాలుగింటినే పెట్టగలిగెను. తరువాత పావులను ఇష్టము వచ్చినట్లు చెదరగొట్టి చూపగా మాస్టరు ఆధిక్యము చాలవరకు మాయమైనది! అతని గొప్పదనము జ్ఞాపకశక్తిలో లేదు, పరిచయములో ఉన్నది. అక్షరములు కూడబలుకుకొను పిల్లవానికి ‘విద్యాలయము’ ఐదక్షరములు. చదువు వచ్చినవానికి ఒక్క మాట. మాస్టరునకు కోట కట్టిన రాజు, దాని ముందున్న మూడు బంట్లు, ప్రక్కనున్న ఏనుగు కలిసి అట్టి ఒక్క మాట. ఒక బల్ల, ఒక తువాలు ఉన్నచో ఈ పరీక్షను తరగతిలోనే చేసి చూడవచ్చును.

కావున వేగపు ఆటకు సాధన వేగముగా ఆడుటతో మొదలు కాదు. మొదట కొన్ని రూపములు కంటికి అలవాటు కావలెను. కదలని మూడు బంట్ల వెనుక రాజు నిలిచి, చివరి వరుసను కాయు ఏనుగు ప్రక్కకు తొలగినదా, శత్రువు ఏనుగు అందు ప్రవేశించినంతనే ఆట కట్టు. ఒక బంటును ముందే ఒక గడి జరిపి రాజునకు దారి విడిచినచో ఆ భయము తీరును. ఒకే గుర్రము రాజును, మంత్రిని ఒక్కసారి బెదిరించు స్థితి మరియొకటి. ఇట్టి సమస్యలను ఏబదింటిని ఏరుకొని, చూచిన వెంటనే జవాబు తట్టువరకు మరల మరల చేయుట మేలు. రోజుకొక వంద కొత్తవి చూచి మరచుటకంటె ఇది ఫలప్రదము.

ఇక గడియారపు లెక్క. మొదటి 10 ఎత్తులు తెలిసిన పద్ధతిలో పదేసి సెకండ్లలో ఆడినచో 15 నిమిషములును చెక్కుచెదరక నిలుచును. మిగిలిన 30 ఎత్తులకు 1200 సెకండ్లు. అందులో పావులు తారసిల్లు నాలుగు కీలక ఘట్టములకు రెండున్నర నిమిషములేసి వెచ్చించినను, తక్కిన 26 ఎత్తులకు 23 సెకండ్లేసి మిగులును. ఓడిన ఆటలను చూడుడు: పెక్కింట ఈ కాలము కీలక ఘట్టమునకు గాక, రెండు సమానమైన ఎత్తులలో ఏది మేలాయని తటపటాయించుటలో కరిగిపోయి ఉండును. అందుచే సాధనలో ఎత్తుల ప్రక్కన గడియారములో మిగిలిన కాలమును గూడ వ్రాయించుట ఉపాధ్యాయులకు ఉపయోగకరము. తప్పు ఎక్కడ జరిగినదో ఎత్తులు చెప్పును; ఎందుకు జరిగినదో తరచుగా ఆ అంకెలు చెప్పును.

ఎదుటివాని గడియారము నడుచునప్పుడు ఏ పావు పనిలేక ఉన్నది, ఏ బంటు బలహీనము అను సాధారణ విషయములు చూచుకొని, కచ్చితమైన లెక్కను తన వంతుకు ఉంచుకొనుట మంచిది. ఎత్తు నిశ్చయించిన పిమ్మట ‘ఎదుటివాడు ఇప్పుడు చెక్ చెప్పగలడా? ఏదైన పావును కొట్టగలడా?’ అని ఒక్కసారి పరికించుటకు మూడు సెకండ్లు చాలును. కాలము ముగిసినచో, ఎదుటివానివద్ద ఆట కట్టుటకు వీలైన బలగమున్నంతవరకు, ఎంత మంచి స్థితియైనను ఓటమియే. పావును జరిపిన చేతితోనే గడియారమును నొక్కవలెనను నియమమును విద్యార్థులు తొందరలో మరచుచుందురు. దీనిని మొదటినుండియే అలవరచవలెను.