సోమశిలలో పుట్టి ప్రయాణం: మన కాల్వ నీళ్ల మొదలు చూసొద్దాం

ఎప్పుడూ జీవామృతం, ఘనజీవామృతం, కషాయాల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి కొంచెం వేరే ముచ్చట. సంక్రాంతి అయినంక మేం నలుగురం రైతులం తిమ్మాజిపేట నుంచి బయలుదేరి సోమశిల పోయినం. కృష్ణా బ్యాక్‌వాటర్‌లో పుట్టి మీద తిరిగి, రాత్రి ఒడ్డున గుడారం వేసుకుని, తెల్లారి వచ్చినం. నీళ్లు, కొండలు వీడియోలో చూడండి. వీడియోలో పట్టని సంగతులు ఇక్కడ రాస్తున్నా.

సోమశిలే ఎందుకు?

మన నాగర్‌కర్నూల్ జిల్లా కాల్వల్లో పారే నీళ్లు అక్కడివే కాబట్టి. మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకం కింద శ్రీశైలం జలాశయం నీళ్లను కొల్లాపూర్ దగ్గర ఎల్లూరులో ఎత్తుతారు. అక్కడి నుంచి జొన్నలబొగుడ, తర్వాత గుడిపల్లిగట్టు. మూడు మెట్లెక్కితే గానీ ఆ నీళ్లు మన వైపు రావు. విత్తనం ఎక్కడిది, పేడ ఏ ఆవుది అని అడిగే మనం నీళ్లు ఎక్కడివని మాత్రం అడగం.

ఆ నీళ్ల అడుగున ఊళ్లున్నాయి. శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు ఇళ్లు, పొలాలు, గుళ్లు మునిగినయి. ఇప్పుడు సోమశిలలో మనం చూసే లలితా సోమేశ్వర ఆలయం కూడా ముంపు నుంచి తప్పించి పైకి తెచ్చి మళ్లీ కట్టిందే. ఏటికి అవతల ఉన్న సంగమేశ్వరం గుడి ఇప్పటికీ నీళ్లలోనే ఉంటది, నీళ్లు బాగా తగ్గిన ఎండాకాలంలోనే బయటపడ్తది. పుట్టిలో పోతుంటే కింద ఎవరిదో మడి ఉందన్న సోయి ఉండాలి.

పుట్టి ఎట్ల నడుస్తది?

పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లిన పెద్ద గంప లాంటిది. అడుగున నీళ్లు రాకుండా పట్టా వేసి తారు పూస్తారు. పడవకున్నట్టు ముందు, వెనుక దీనికి లేవు. పక్క నుంచి తెడ్డు వేస్తే గిర్రున తిరుగుతది తప్ప ముందుకు పోదు. తెడ్డును ముందు వైపు ముంచి, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మార్చుకుంటూ మన వైపు లాగాలి. మోటరు లేదు, డీజిల్ వాసన లేదు. కొంగ రెక్క కొట్టినా వినపడ్తది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర ఇదే కృష్ణలో పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయిండ్రు. పైకి నీళ్లు నిమ్మళంగానే కనిపిస్తయి. గాలి లేస్తే ఆ సంగతే వేరు. పొద్దున్నే పోవాలి, ఒడ్డు పక్కనే పోవాలి, స్థానిక జాలరి తోడు ఉండాలి.

నీళ్లు తగ్గిన నేలలో పంట

రైతుగా నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చింది ఇదే. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. వానకాలంలో వరదకు నిండి, తర్వాత నెలనెలా నీళ్లు దిగుతుంటే ఒడ్డున నేల తేలుతది. నెలల తరబడి మునిగిన ఆ నేల మీద ఒండ్రు ఉంటది, లోపల తడి ఉంటది. ఆ తడి మీదే విత్తుతారు. అక్కడ శనగ చేనులో ఉన్న పెద్దాయన్ను అడిగినం.

"నీళ్లెన్ని సార్లు పెడ్తరు పెదనాయినా?"

"పెట్టేదేంది బిడ్డా, ఏరు పెట్టిపోయిందే."

మనం వాపస గురించి ఎంత చెప్పుకుంటాం! వేరుకు కావాల్సింది నిలిచిన నీళ్లు కాదు, తడీ గాలీ అని. అది అక్కడ కళ్లారా చూసినం. పిడికెడు మట్టి తీసి నలిపితే పైన పొడి, జానెడు కింద చల్లటి తడి.

అయితే అదే చేను గట్టున పురుగుమందు డబ్బాలు కూడా పడి ఉన్నయి. పెద్దాయన్ను తప్పు పట్టలేను. పెట్టుబడి పోతదన్న భయం ఆయనది. కానీ ఆ నేల మీదికి వచ్చే వరదకు మళ్లీ నీళ్లొస్తయి. గట్టు మీద మిగిలింది ఏటిలోకే. చేప తినేది అదే నీళ్లలో. ఎత్తిపోతలతో మన చేనుకు, మన బిందెకు వచ్చేదీ ఆ నీళ్లే.

రాత్రి గుడారం దగ్గర జాలరి అన్న ఇంకో బాధ చెప్పిండు. దోమతెర లాంటి సన్న కన్ను అలివి వలలు నిషేధమే. అయినా దొంగతనంగా వేసేటోళ్లు వేస్తుండ్రు. "పిల్ల చేపను పట్టి ఎండబెడితే వచ్చే ఏడు వలలో ఏం పడ్తది?" అన్నడు. విత్తనపు గింజలు వండుకుని తినుడే కదా అది.

తిరిగి మన గట్టు మీదికి

కృష్ణ నుంచి ఎత్తిన నీళ్లు మన చేలల్లో పారి అక్కడితో ఆగవు. మన జిల్లాలో పారే దుందుభి డిండికి పోయి, మళ్లీ కృష్ణలోనే కలుస్తది. అంటే మనం ఒకరి దిగువన ఉన్నం, ఇంకొకరి ఎగువన కూడా ఉన్నం. అందుకే ప్రకృతి సేద్యం మన ఇంటి బువ్వ కోసమే కాదు. గట్టు బలంగా వేసుకోవడం, వాలుకు అడ్డంగా కందకం తవ్వడం, ఆచ్ఛాదనతో మట్టి కొట్టుకుపోకుండా చూడడం, ఇవన్నీ దిగువ ఊళ్లకు మనం చేసే సాయమే.

పోవాలనుకునేవాళ్లకు

కొల్లాపూర్ నుంచి సోమశిల సుమారు 10 కిలోమీటర్లు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచి కాలం. గుడారం ఊరి వైపు ఒడ్డునే, స్థానికులను అడిగి వేసుకోండి. అవతల నల్లమల అడవి ఉంది. అటవీశాఖ అనుమతి లేకుండా అడవిలో ఉండడం, మంట పెట్టడం కుదరదు. భోజనం, పుట్టి అక్కడివాళ్ల దగ్గరే తీసుకుని, బేరం ఆడకుండా డబ్బులివ్వండి. తెచ్చిన ప్లాస్టిక్ అంతా వెనక్కి తీసుకురండి.

2024లో కేంద్ర పర్యాటక శాఖ సోమశిలను ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. సిద్ధేశ్వరం వైపు తీగల వంతెనకు 2022లోనే ఆమోదం వచ్చింది. జనం పెరుగుతారు. ఆ ఒడ్డున సంచులు, సీసాలు కుప్పలు పడకముందే రైతులుగా మనం పోయి, ఎట్ల ఉండాలో చూపిద్దాం.

మీ పొలంలో పడ్డ వాన ఏ వాగులో కలుస్తది, ఆ వాగు ఏ నదికి పోతది? కామెంట్లో రాయండి. తెలియకపోతే ఇంట్లో పెద్దోళ్లను అడిగి రాయండి.