పేరులో పాత క్యాంపస్, పట్టాల మీద పదిహేను నెలల నిశ్శబ్దం

హైదరాబాద్‌లోని తార్నాక పక్కన, ఉస్మానియా విశ్వవిద్యాలయ క్యాంపస్‌ను ఒరుసుకుంటూ పోయే పట్టాల మీద రెండు చిన్న స్టేషన్లున్నాయి: ఆర్ట్స్ కాలేజి, జామియా ఉస్మానియా. ‘జామియా’ అంటే విశ్వవిద్యాలయం. 1918లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఉర్దూ మాధ్యమంలో స్థాపించిన చదువుల గుడి తొలి పేరు, ఇవాళ్టికీ ప్లాట్‌ఫాం బోర్డు మీద బతికే ఉంది. అంతకన్నా అందమైన శిలాశాసనం ఏముంటుంది!

ఇది నిజాం జమానాలో వేసిన దారి. ఈ పట్టాలే ముందుకు సాగి, 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్‌కు చేరతాయి. అప్పట్లో ఇక్కడ మీటర్‌గేజి బండ్లు తిరిగేవి. పట్టాల మధ్య ఎడం సరిగ్గా మీటరు. ఇప్పటి బ్రాడ్‌గేజికి ఆ ఎడం 1.676 మీటర్లు.

2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చింది. సికింద్రాబాద్, ఫలక్‌నుమా మార్గంలో ఈ బుల్లి స్టేషన్లు విద్యార్థులకూ, రోజుకూలీలకూ చవకైన దారి అయ్యాయి.

2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్. బండ్లు ఆగిపోయాయి. టికెట్ కిటికీ మూసి, బెంచీలు ఖాళీ. హాస్టళ్లు కూడా బోసిపోయిన రోజులవి. తార్నాక మీదుగా పోయే మెట్రో అదే ఏడాది సెప్టెంబరులో తిరిగి కదిలింది; ఎంఎంటీఎస్‌కు మాత్రం మరో తొమ్మిది నెలలు పట్టింది. పేదల బండికే ఎక్కువ నిరీక్షణ దక్కడం బాధాకరం.

2021 జూన్ 23న ఎంఎంటీఎస్ మళ్లీ పట్టాలెక్కింది, మొదట పది సర్వీసులతో.