డిమ్మర్ స్విచ్చి పేచీ పెడుతోందా?

సూరారంలో మా పక్కింటావిడ ముచ్చటపడి హాల్లో రిమోట్ డిమ్మర్ పెట్టించుకుంది. వారం తిరక్కుండానే లైటు మిణుకుమిణుకు, స్విచ్చిలోంచి గుయ్‌మని చప్పుడు! స్విచ్చి పాడైందని ఆవిడ బెంగ. తీరా చూస్తే తప్పు బల్బుది. పాతకాలపు ఫిలమెంటు బల్బుకి కరెంటు తగ్గిస్తే వెలుగూ తగ్గేది. ఎల్.ఇ.డి. అలా కాదు, దానిలోపల వేరే సర్క్యూట్ ఉంటుంది. అట్ట మీద 'డిమ్మబుల్' అని ఉన్న బల్బే కొనాలి. ఆవిడ బల్బు మార్చింది, గోల వదిలింది.

రిమోట్ పలక్కపోతే ముందు సెల్ మార్చి చూడండి. ఫోనుతో నడిచేదైతే, మీ అబ్బాయి వైఫై పాస్‌వర్డ్ మార్చాడేమో అడగండి. మారిస్తే స్విచ్చిని మళ్ళీ కలపాలి. ఇలాంటివి చాలామటుకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే అందుతాయి. లైటు డిమ్మర్‌కి ఫ్యాను మాత్రం తగిలించకండి.

స్విచ్చిని పొడిబట్టతోనే తుడవండి, తడిగుడ్డ వద్దు. ఇంకోమాట. డిమ్మర్ ఆపినా బల్బు దాకా కాస్త కరెంటు వస్తూనే ఉండొచ్చు. మనది 230 వోల్టుల లైను సుమా! బల్బు మార్చేముందు ఎం.సి.బి. దించండి. స్విచ్చి కాస్త గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. కమురు వాసనొస్తే మాత్రం వెంటనే ఎం.సి.బి. దించి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.