అడ్డచుట్ట చాటున అంగిటి పుండు

పలాస : చీకటి పడే వేళ ఉద్దానం తీరంలోని కొన్ని పల్లెల్లో అరుగుల మీద ముసలమ్మలు కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ వుంటారు. నోట చుట్ట వుంటుంది. నిప్పు మాత్రం కనిపించదు. నిప్పున్న కొస నోటి లోపల, ఆరిన కొస పెదవుల బయట. కొత్తగా వచ్చినవారు చూసి నివ్వెరపోతారు గాని ఇక్కడివారికి ఇది వింత కాదు. దీనినే అడ్డచుట్ట అనీ, అడ్డపొగ అనీ అంటారు. ఇప్పటి పడుచుల్లో ఈ అలవాటు తగ్గింది. పెద్దతరం ఆడవారిలో ఇంకా పోలేదు.

ఇలా ఎందుకు కాలుస్తారని అడిగితే తలకొక కారణం చెబుతారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదని ఒకరు, బూడిద చంటిబిడ్డ మీద రాలదని మరొకరు. రెండు చేతులా వల సర్దుకోవచ్చు, చేపలు కడుక్కోవచ్చు, చుట్ట నోట్లోనే వుంటుంది. పంటిపోటుకు మందని మొదలుపెట్టి మానలేకపోయినవారూ వున్నారు. తల్లి దగ్గర కూతురు, అత్త దగ్గర కోడలు నేర్చుకుంటూ వచ్చిన అలవాటు ఇది. మగవారిలోనూ లేకపోలేదు గాని ఆడవారిలోనే ఎక్కువ.

అడ్డచుట్టలో నిప్పుసెగ, పొగ రెండూ నేరుగా పోయి తగిలేది అంగిటికే. గుట్కా, జర్దా నమిలేవారికి నోటి క్యాన్సర్ సాధారణంగా బుగ్గ లోపల, చిగుళ్ళ పక్కన వస్తుంది. నోటి పైకప్పులా వుండే గట్టి అంగిటి మీద రావడం ప్రపంచంలో చాలా చోట్ల అరుదు. ఆ అరుదైన జబ్బే మన తీరంలో మామూలు జబ్బయి కూర్చున్నది. ఆంధ్ర తీరంలో అంగిటి క్యాన్సర్‌కు, నిప్పు నోట్లో పెట్టుకొని కాల్చే చుట్టకు వున్న సంబంధం గురించి 1957లోనే వైద్య పత్రికలో వ్యాసం వెలువడింది.

పదివేల మంది నోళ్ళు చూశారు

1966-67లో బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థకు చెందిన డాక్టర్ ఫలీ మెహతా, డెన్మార్క్ దేశపు డాక్టర్ పిండ్‌బోర్గ్ బృందం శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్ళు పరీక్షించింది. అందులో నూటికి 40 మందికి మించి అడ్డచుట్ట తాగేవారేనని తేలింది. 1971లో బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో ఆ వివరాలు అచ్చయ్యాయి. మన జిల్లా పేరు ప్రపంచ వైద్య గ్రంథాలకెక్కినది ఈ విధంగా. చెప్పుకొని మురిసిపోదగిన ప్రఖ్యాతి కాదు.

అయితే ఆ వైద్యులు మచ్చలు లెక్కపెట్టి వెళ్ళిపోలేదు. కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావ్‌నగర్, ఇక్కడ శ్రీకాకుళం - ఈ మూడు జిల్లాల్లో పొగాకు వాడే 36 వేల మందికి పైగా జనాన్ని ఎంచుకొని, 1970ల చివరి నుంచి యేళ్ళ తరబడి వారి మధ్య తిరిగారు. పొగాకు మానమని మనిషికి మనిషిగా చెప్పారు. మానినవారు పెరిగారు, కొత్తగా మచ్చలు రావడం తగ్గింది. 1986లో లాన్సెట్ పత్రిక ఆ ఫలితాలను ప్రచురించింది. చుట్ట మానితే అంగిటి మచ్చలు చాలామందిలో వెనక్కు తగ్గుతాయి కూడా. ఈ సంగతి ఊళ్ళలో తెలిసినవారు తక్కువ. ‘ఇన్నేళ్ళు తాగాక ఇప్పుడు మానితే ఏం లాభం’ అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది.

నొప్పి లేదని వూరుకోవడమే చేటు

కిడ్నీ జబ్బు పుణ్యమా అని ఉద్దానంలో చదువురాని వారికి కూడా క్రియాటినిన్ అనే మాట నోటికి వచ్చింది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వెలిసింది. ఆ బాధ కళ్ళ ముందు వుండగా నోట్లో నొప్పి పెట్టని మచ్చను పట్టించుకొనేదెవరు? కాని ఈ జబ్బు కనిపెట్టడానికి సూది అక్కరలేదు, రక్తం తీయనక్కరలేదు. టార్చిలైటు, చిన్న అద్దం వుంటే అంగిలి కనిపిస్తుంది. కోడలు పట్టుకుంటే అత్త చూసుకోవచ్చు.

మొదట అంగిలి తెల్లబారుతుంది. తెల్లని పొరలో ఎర్రని చుక్కలు లేస్తాయి. కొందరికి ఎర్రమచ్చలు పడతాయి. మచ్చలన్నీ క్యాన్సర్ కావు. అయితే ఎర్రమచ్చను, గట్టిపడిన మచ్చను, రెండు వారాలు దాటినా మానని పుండును నమ్మరాదు. చాలామంది నోటిపూత అనుకొని దుకాణంలో బి-కాంప్లెక్స్ మాత్రలు కొని మింగుతారు, తేనె రాస్తారు. అలా నెలలు గడిచిపోతాయి. పళ్ళు కదలడం, నోరు సరిగా తెరుచుకోకపోవడం, మెడ పక్కన గడ్డ కట్టడం, తాగిన గంజి ముక్కులోంచి రావడం ముదిరిన లక్షణాలు. అప్పటికి అంగిటిని కోసి తీసేసి, మాట కోసం, తిండి కోసం ప్లేటు అమర్చవలసి రావచ్చు.

డాక్టరు దగ్గర కూడా చుట్ట సంగతి దాచేవారున్నారు. కొడుకు ముందు చెప్పడానికి సిగ్గు. ఆడవారికి వచ్చే మరి రెండు క్యాన్సర్ల విషయంలోనూ ఇదే తంతు. రొమ్ములో నొప్పిలేని గడ్డ, చనుమొన నుంచి రక్తం, ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనపడడం, దుర్వాసనతో తెల్లబట్ట - ఇవేవీ వయసు దోషాలని వూరుకోదగినవి కావు. పలాస జీడి పరిశ్రమల్లో పనిచేసే ఆడకూలీకి ఆసుపత్రికి వెళ్ళిన రోజు కూలీ పోయినట్లే. వాయిదా పడేది అందుకే.

ముక్క పరీక్ష అంటే మరో భయం. కత్తి తగిలితే పుండు పాకుతుందని పెద్దలు బెదిరిస్తారు. అది నిజం కాదు. చిన్న ముక్క తీసి పరీక్షించనిదే అది క్యాన్సరో కాదో చెప్పలేరు. ‘కరెంటు పెడితే మనిషి మిగలడు’ అనే మాటా అటువంటిదే. ముదిరాక వచ్చినవారు పోతే ఆ నింద చికిత్స మీదికి నెట్టడం వూళ్ళలో అలవాటయింది.

ఎక్కడికి వెళ్ళాలి

30 యేళ్ళు నిండిన వారికి నోటి పరీక్ష ఉచితంగా చేయాలన్నది జాతీయ కార్యక్రమంలోనే వున్నది. ఆశా కార్యకర్తను, ఎ.ఎన్.ఎం.ను అడగవచ్చు. అనుమానం వుంటే టెక్కలి జిల్లా ఆసుపత్రికి గాని, శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి గాని వెళ్ళాలి. చికిత్సకు విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి, అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వున్నాయి. ఖర్చు సంగతికి వస్తే, 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీని మొట్టమొదట ప్రవేశపెట్టిన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఆ పథకమే నేడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ. క్యాన్సర్ చికిత్సలు అందులో వున్నాయి. రేషన్ కార్డు, ఆధార్ కార్డు తీసుకొని ఆసుపత్రిలో వైద్యమిత్రను కలవాలి. సమాచారానికి 104కు ఫోన్ చేయవచ్చు. చుట్ట మానదలచిన వారికి ఉచిత ఫోన్ నెంబరు 1800-11-2356.

ఒకసారి వెళ్ళి రావడం కష్టం కాదు. చికిత్స నెలల తరబడి సాగినప్పుడే నాట్లు వచ్చాయని, డబ్బు లేదని మధ్యలో మానేస్తుంటారు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టిక్కెట్టు లేదు. రైల్లో చికిత్సకు వెళ్ళే క్యాన్సర్ రోగికి స్లీపర్ తరగతిలో ఛార్జీ పూర్తిగా మినహాయింపు. తోడు వెళ్ళే ఒకరికి నాలుగింట మూడు వంతులు తగ్గిస్తారు. అగనంపూడికి దువ్వాడ స్టేషనులో దిగడం దగ్గర. రాయితీ కాగితం మీద చికిత్స చేసే డాక్టరు సంతకం, ఆసుపత్రి ముద్ర వుండాలి. కనుక మొదటిసారి వెళ్ళినప్పుడే దానిని అడిగి తెచ్చుకోవాలి.