ఇంటిపేరు అడిగితే ఊరు పలికింది!

అమెరికాను ఏలిన వకీలు అబ్రహాం లింకన్ ఇంటిపేరు ఓ ఊరి పేరని మీకు తెలుసా? ఇంగ్లండులో లింకన్ నగరం ఇప్పటికీ ఉంది. మన నంద్యాలవారి లాగే ఆయనా ‘ఫలానా ఊరివారే’!

ఆ పేరునే 1867లో నెబ్రాస్కా రాజధానికి పెట్టారు. ఊరు మనిషికిచ్చిన పేరును మనిషి మళ్లీ ఊరికే ఇచ్చేశాడు. బాకీ తీరిపోయింది!

ఊరు నిలిచింది, వంశం నిలవలేదు. లింకన్ సంతతిలో ఆఖరివాడైన మునిమనవడు 1985లో కన్నుమూశాడు. ఆయన ఇంటిపేరేమిటో తెలుసా? బెక్‌విత్!

నంద్యాలవారంటే గుర్తొచ్చింది. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ అంకితం పుచ్చుకున్నది ఎవరో మీకు తెలుసా? నంద్యాల కృష్ణరాజు. ఊరి పేరు కావ్యంలోకెక్కి నాలుగు వందల ఏళ్లు దాటింది!

మరి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఇంటిపేరు ఉయ్యాలవాడ కాదని మీకు తెలుసా? మజ్జరి! ఆళ్లగడ్డ దాపునున్న ఊరు అసలు ఇంటిపేరును మింగేసింది. 1847లో కోయిలకుంట్లలో ఆయన్ని ఉరితీసిన తెల్లదొరలు తలను 1877 దాకా కోట మీద వేలాడదీసి ఉంచారు. చచ్చినవాడికి అంత భయపడ్డారంటే, బతికుండగా ఎంత వణికారో!

అదే ఊరి బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. ఒక్క ఊరు: ఒకరికి ఉరి, ఇంకొకరికి పతకం!

ఇక మన లా పట్టభద్రుడు, మన ప్రధాని. లింకన్‌ను లోకమంతా ఇంటిపేరుతోనే పిలుస్తుంది. పాములపర్తి వెంకట నరసింహారావు ఇంటిపేరు మాత్రం పొడి అక్షరమైంది: పీ! 1991లో ప్రధాని అయ్యేనాటికి పీవీ ఎంపీయే కాదు. నవంబరులో నంద్యాల ఉప ఎన్నికకు వచ్చారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ పోటీయే పెట్టలేదు. మెజారిటీ యాగంటి బసవన్నలా పెరిగి పెరిగి 5 లక్షల 80 వేలు దాటింది. అప్పట్లో గిన్నిస్ రికార్డు!

అదే నంద్యాల 1977లో ఏం చేసిందో తెలుసా? రాష్ట్రంలోని 42 సీట్లలో 41 కాంగ్రెస్‌వి. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల, జనతా పార్టీ నీలం సంజీవరెడ్డిది! అదే ఏడాది ఆయన పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు.

ఇప్పుడు మీ వంతు. మీ ఇంటిపేరున్న ఊరు ఏ మండలంలో ఉందో వెతకండి!