దొరకని పాటల జాడ

లలితకళలలో సంగీతానికి ఒక ప్రత్యేకత ఉన్నది. శిల్పి చెక్కిన బొమ్మ రాతిలో నిలుస్తుంది. కవి చెప్పిన పద్యం తాటాకు మీద నిలుస్తుంది. గాయకుడు పాడిన పాట మాత్రం గాలిలో పుట్టి గాలిలోనే కలిసిపోతుంది. విన్నవారి చెవులలో కొంతకాలం మ్రోగుతుంది. ఆ విన్నవారు కూడా వెళ్ళిపోతే పాటకు సాక్ష్యం ఉండదు.

తాళ్ళపాక అన్నమాచార్యులు 15వ శతాబ్దిలో వేలకొద్ది సంకీర్తనలు రచించారు. ఆ సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరిచారు. 20వ శతాబ్దిలో ఆ రేకులు వెలుగు చూచాయి. సాహిత్యం చేతికందింది. రాగాల పేర్లు కూడా రేకుల మీద ఉన్నాయి. కాని ఆనాడు ఆ పాటలను ఏ వరుసలో పాడేవారో చెప్పగలవారు లేరు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు ఎన్నో కీర్తనలకు కొత్తగా స్వరాలు కూర్చవలసి వచ్చింది.

త్యాగరాజస్వామి విషయం వేరు. తిరువయ్యారులో ఆయన తెలుగులో రచించిన కృతులు శిష్యపరంపర ద్వారా వరుసలతో సహా నిలిచాయి. అయినా ఆయన కంఠం ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. స్వామి 1847లో పరమపదించారు. సరిగా 30 సంవత్సరాల తరువాత, 1877లో, అమెరికాలో థామస్ ఆల్వా ఎడిసన్ శబ్దాన్ని పట్టి నిలిపే ఫోనోగ్రాఫు యంత్రాన్ని కనుగొన్నాడు.

ఎడిసన్ యంత్రంలో శబ్దం గుండ్రని గొట్టం మీద ముద్రితమయ్యేది. 1887లో ఎమిల్ బెర్లినర్ అనే శాస్త్రజ్ఞుడు బల్లపరుపు పళ్ళెం మీద శబ్దాన్ని ముద్రించే పద్ధతిని కనిపెట్టాడు. దానికి గ్రామఫోను అని పేరు. ఒక అచ్చు తయారైతే దాని నుండి వేలకొద్ది పళ్ళేలను ఒత్తి తీయవచ్చు. ఈ పళ్ళేలనే జనం రికార్డులనీ, ప్లేట్లనీ పిలిచారు. వాటిలో ఒక కంపెనీవారి ముద్ర గ్రామఫోను ముందు కూర్చున్న కుక్క. అందుచేత పల్లెలలో వాటిని ‘కుక్కబొమ్మ ప్లేట్లు’ అనేవారు.

1902లో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే నిపుణుడు కలకత్తాకు వచ్చి గాయనీగాయకుల పాటలను ముద్రించాడు. వారిలో గౌహర్ జాన్ ముఖ్యురాలు. పాట ముగియగానే ఆమె తన పేరును ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. ఆ కాలంలో మన దేశంలో ముద్రించిన పాటలకు జర్మనీలోని హనోవర్ నగరంలో ప్లేట్లు ఒత్తేవారు. అక్కడి పనివారికి పాట ఎవరిదో తెలియడానికి ఈ ఏర్పాటు ఉపయోగపడింది. 1908లో కలకత్తాలోనే ప్లేట్లు ఒత్తే కర్మాగారం వెలిసింది. ప్లేటుకు కావలసిన ముఖ్య పదార్థం లక్క. అది మన దేశపు అడవులలో చెట్లపై బ్రతికే చిన్న పురుగుల నుండి లభిస్తుంది. లక్కతో రాతిపొడి, మసి కలిపి ప్లేటు చేసేవారు.

పాత రికార్డులను వెదికేవారు ముందుగా వాటిలోని రకాలను తెలిసికోవాలి. మొదటి రకం లక్క ప్లేటు. ఇది నిమిషానికి సుమారు 78 చుట్లు తిరుగుతుంది. 10 అంగుళాల ప్లేటులో ఒక్కొక్క వైపు సుమారు 3 నిమిషాల పాట మాత్రమే పడుతుంది. క్రింద పడితే కుండపెంకు వలె పగిలిపోతుంది. రెండవ రకం వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఎల్.పి. రికార్డు. ఇది 1948లో అమెరికాలో వెలువడింది. నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. ఒక వైపున 20 నిమిషాలకు పైగా పాట పడుతుంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గానం చేసిన వేంకటేశ సుప్రభాతం 1963లో ఈ రూపంలోనే వెలువడి ఇంటింటా మ్రోగింది. మూడవ రకం కాంపాక్ట్ డిస్క్, అనగా సి.డి. ఇది 1982లో అంగళ్ళకు వచ్చింది. దీనిలోని శబ్దాన్ని సూదికి బదులు లేజరు కాంతి చదువుతుంది.

దక్షిణదేశంలో తొలి రికార్డులిచ్చినవారిలో స్త్రీలు ఎక్కువగా కనిపిస్తారు. సేలం గోదావరి, కోయంబత్తూరు తాయి, బెంగళూరు నాగరత్నమ్మ మొదలైనవారు వారిలో ప్రముఖులు. నాగరత్నమ్మ తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మందిరాన్ని నిర్మింపజేసిన మహనీయురాలు. కోయంబత్తూరు తాయి 1917లో మరణించింది. ఆమె రికార్డులు సముద్రాలు దాటి ఫ్రాన్సు దేశానికి చేరాయి. మోరిస్ దెలాజ్ అనే ఫ్రెంచి స్వరకర్త వాటిని విని ముగ్ధుడయ్యాడు. ఆమె పాడిన పాట ఆధారంగా ‘రాగమాలిక’ అనే రచన చేశాడు. వీణ ధనమ్మాళ్ తన ముదిమిలో, 1930లలో, కొన్ని రికార్డులిచ్చారు. వాయులీన విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారి కమాను నాదం కూడా ప్లేట్ల మీద నిలిచింది.

ఇటువంటి రికార్డులు నేడు దొరకడం కష్టం. దానికి కారణాలు అనేకం. లక్క ప్లేట్లు సులభంగా పగిలిపోతాయి. ఎన్నో చిన్న కంపెనీలు మూతపడ్డాయి. వాటి మూలపు అచ్చులు మిగలలేదు. పెద్ద కంపెనీలు ఎక్కువగా అమ్ముడుపోయే పాటలనే మళ్ళీ సి.డి.లుగా వేశాయి. తక్కినవి మరుగున పడ్డాయి. 1980లలో క్యాసెట్లు ఇంటింటికీ రాగానే బరువైన ప్లేట్లు అటకలకు ఎక్కాయి. అటక మీది నుండి అవి పాతసామాన్ల అంగడికి చేరాయి. ఆ విధంగా పోయిన ప్లేట్లలో కొన్ని పాటలకు అదే చివరి ప్రతి కావచ్చు.

సామల్పట్టి కృష్ణగిరి జిల్లాలో జోలార్‌పేట–సేలం రైలుమార్గం మీద ఉన్న చిన్న ఊరు. అటువంటి ఊరిలోని సంగీతప్రియుడు దొరకని రికార్డును ఎలా వెదకాలి? మొదటి మెట్టు ఇంటి దగ్గరే ఉన్నది. పాత ఇండ్ల అటకలు, పెట్టెలు, భజనమందిరాలు మొదట చూడవలసిన చోట్లు. అవ్వతాతలను అడిగితే ఏ ఇంట్లో గ్రామఫోను ఉండేదో, ఊరిలో ఎవరు ఏ పాట వినిపించేవారో చెప్పగలరు. వెల చెల్లించకుండా లభించే సమాచారం ఇదే.

రెండవ మెట్టు నగరాల అంగళ్ళు. చెన్నపట్నంలోని మూర్ మార్కెట్టు పాత పుస్తకాలకు, రికార్డులకు నిలయంగా ఉండేది. 1985లో అది అగ్నికి ఆహుతి అయింది. ముంబయిలోని చోర్ బజారు, కోల్‌కతాలోని ఫ్రీ స్కూల్ వీధి పాత రికార్డులకు పేరుపొందినవి. ఇటువంటి చోట్లకు వెళ్ళేవారు చేతిలో పట్టిక లేకుండా వెళ్ళరాదు. గాయకుని పేరు, కృతి, రాగం, రికార్డు సంఖ్య వ్రాసుకొని వెళ్ళాలి. లేబులు మీద కంపెనీవారి సంఖ్య అచ్చై ఉంటుంది. లేబులు చుట్టూ ఉన్న నునుపైన భాగంలో మరొక సంఖ్య కనిపిస్తుంది. అది అచ్చు సంఖ్య. ఒకే గాయకుడు ఒకే కృతిని రెండుసార్లు పాడి ఉంటే ఈ సంఖ్యను బట్టి తేడా తెలుస్తుంది.

ఇక్కడ తెలుగు తెలిసినవారికి ఒక మేలు ఉన్నది. కర్ణాటక సంగీతంలోని కృతులలో ఎక్కువభాగం తెలుగువే. వాటి మొదటి మాటలు లేబుళ్ళ మీద ఇంగ్లీషు అక్షరాలలో అచ్చైనప్పుడు గుర్తుపట్టరాని రూపం దాల్చుతాయి. ఒకే కృతి పేరు రెండు పట్టికలలో రెండు విధాలుగా ఉంటుంది. సాహిత్యం అర్థమైనవారు మాత్రమే రెండూ ఒకటేనని గ్రహించగలరు. ఆ పని తెలుగు చదువుకొన్న విద్యార్థికి సులభం.

మూడవ మెట్టు సేకరణకర్తలు, సంస్థలు. చెన్నైలో నివసించిన సంగీత నృత్య విమర్శకులు వి.ఎ.కె. రంగారావు గారు వేలకొద్ది 78 చుట్ల ప్లేట్లను సేకరించారు. 1990లో ముంబయిలో భారతీయ రికార్డు సేకరణకర్తల సంఘం ఏర్పడింది. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కిన్నియర్ 1908 వరకు మన దేశంలో గ్రామఫోను కంపెనీ ముద్రించిన పాటల పట్టికను 1994లో పుస్తకంగా ప్రకటించారు. చెన్నైలోని రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయంలో పుస్తకాలతో పాటు గ్రామఫోను రికార్డులు కూడా భద్రపరిచారు. లండనులోని బ్రిటిష్ లైబ్రరీ సహాయంతో ‘యంగ్ ఇండియా’, ‘ఓడియన్’ కంపెనీల ప్లేట్లకు కంప్యూటరు ప్రతులు తయారయ్యాయి. ప్లేటు దొరకకపోయినా పాట వినే భాగ్యం ఈ విధంగా లభిస్తున్నది.

రికార్డు దొరికినంత మాత్రాన పని ముగియదు. కొనేముందు దానిని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడాలి. గీతలు, వెంట్రుక వంటి పగుళ్ళు అప్పుడు కనిపిస్తాయి. గాళ్ళు తెల్లబారి ఉంటే ప్లేటు బాగా అరిగినదని గ్రహించాలి. లక్క ప్లేటు గాడి వెడల్పు, ఎల్.పి. గాడి సన్నం. కనుక ఒకదాని సూదితో మరొకదానిని వినరాదు. లక్క స్పిరిటులో కరుగుతుంది. కాబట్టి లక్క ప్లేటును స్పిరిటుతో ఎన్నడూ తుడవరాదు. ప్లేట్లను ఒకదానిపై ఒకటి పేర్చక, పుస్తకాల వలె నిలబెట్టాలి. ఎండ తగిలితే అవి వంగిపోతాయి.

వినేటప్పుడు కూడా కొంత వివేకం అవసరం. పాత ప్లేట్లలో కొన్నింటిని సరిగా 78 చుట్ల వేగంతో ముద్రించలేదు. వేగం మారితే శ్రుతి మారుతుంది, గొంతు మారుతుంది. అదీగాక కచేరీలో అరగంట పాడే కృతిని గాయకులు 3 నిమిషాలకు కుదించి పాడవలసి వచ్చేది. కనుక ప్లేటులో విన్నదే వారి పూర్తి విద్వత్తు అనుకోరాదు. అది పెద్ద చెరువు నుండి ముంచి తెచ్చిన చెంబెడు నీరు వంటిది.

దొరికిన పాటకు ప్రతి తీయడంలో చట్టాన్ని కూడా గౌరవించాలి. మన దేశపు చట్టం ప్రకారం శబ్దముద్రణపై హక్కు, అది వెలువడిన మరుసటి సంవత్సరం నుండి 60 ఏళ్ళు ఉంటుంది. 1930లలో వెలువడిన ప్లేట్లకు ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. కాబట్టి వాటికి ప్రతులు తీసి భద్రపరచడానికి ఈ హక్కు అడ్డురాదు.

సేలం, కోయంబత్తూరు, బెంగళూరు, తంజావూరు — ఇవి ఆ గాయనుల పేర్లతోను, ఊళ్ళతోను ముడిపడిన పేర్లు. ఆంధ్రదేశానికి వెలుపల ఉన్న ఈ సీమలలోనే తెలుగు కృతి పుట్టి పెరిగింది, ఇక్కడి గొంతులలోనే ప్లేట్లకు ఎక్కింది. తమిళం మాట్లాడేవారు, కన్నడం మాట్లాడేవారు దానిని తమదిగా భావించి పాడారు. అటువంటి సంపద ఈ ప్రాంతపు అటకల మీద ఇంకా ఎక్కడైనా మిగిలి ఉండవచ్చు. అన్నమయ్య పాటల వరుసలు పోయినప్పుడు వాటిని నిలిపే సాధనం లేదు. నేడు సాధనం ఉన్నది. పాత ప్లేటు కనబడినప్పుడు దానిని అమ్మివేయక ముందు లేబులు చదివి, సంఖ్య వ్రాసి ఉంచడం ఏ విద్యార్థికైనా సాధ్యమైన సేవ.